తలకు రాసే మందు, మెడకు రాసే మందు

సోరియాసిస్ వచ్చినవాళ్లలో ఇంచుమించు సగం మందికి ఎప్పుడో ఒకప్పుడు తలమీద కూడా అది కనిపిస్తుంది. తలలో మొదలైనది అక్కడితో ఆగకుండా జుట్టు అంచు దాటి నుదుటి మీదికి, చెవుల వెనక్కి, ముచ్చిలిగుంట మీదుగా మెడకు దిగుతుంది. నాకు ఈ వ్యాధి చాలా ఏళ్లుగా ఉంది. నెల్లూరులో ఒక కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం కనుక, బోర్డు వైపు తిరిగిన ప్రతిసారీ పిల్లలందరికీ కనబడేది నా మెడే. ఆ ఇబ్బంది సంగతి పక్కనపెట్టి ఇక్కడ పైపూత మందుల గురించే రాయదలచుకున్నాను. మా ఊళ్లో పొగతోట వీధుల్లో డాక్టర్లకు కొదవ లేదు, వాళ్లు రాసే మందులకూ వంక పెట్టడానికి లేదు. అయినా నాతోపాటు వరండాల్లో కూర్చునే రోగుల్లో చాలామంది ‘ఎన్ని పూసినా తగ్గడం లేదు’ అంటూ ఉంటారు. కాస్త కదిపి అడిగితే, పూసిన మందు చర్మం దాకా పోకుండా జుట్టులోనో పొలుసుల మీదో ఆగిపోతున్నదని తెలుస్తుంది. తలకు ఇచ్చిన గట్టి మందునే మెడకు కూడా నెలల తరబడి పూస్తున్నవాళ్లు మరికొందరు.

వ్యాధి సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. మామూలు చర్మంలో అడుగుపొరలో పుట్టిన కణం పైకి వచ్చి రాలిపోవడానికి దాదాపు 28 రోజులు పడుతుంది. సోరియాసిస్‌లో రోగనిరోధక వ్యవస్థ అనవసరంగా రెచ్చిపోయి కణాలను తొందరపెట్టడం వల్ల అదే ప్రయాణం మూడు నుంచి ఐదు రోజుల్లో ముగుస్తుంది. పక్వానికి రాని కణాలు ఒకదానిమీద ఒకటి పేరుకుని వెండిరంగు పొలుసులుగా అట్టకడతాయి, కింద చర్మం ఎర్రగా వాచి ఉంటుంది. ఇది ఒకరి నుంచి మరొకరికి అంటదు. దువ్వెన వల్ల గాని, తువ్వాలు వల్ల గాని, క్షౌరశాల కుర్చీ వల్ల గాని సోకదు. 2014లో ప్రపంచ ఆరోగ్య సభ చేసిన తీర్మానం కూడా దీన్ని అంటువ్యాధి కాని దీర్ఘకాలిక వ్యాధిగానే పేర్కొన్నది. దీన్ని అదుపులో ఉంచే మందులున్నాయి, మళ్లీ ఎన్నడూ రాకుండా వేరుతో పెకలించే మందు మాత్రం లేదు. ఈ రెండో మాట ఒప్పుకోని వాళ్లే ఎక్కువగా మోసపోతారు.

తలలో పొట్టు రాలిన ప్రతిదీ సోరియాసిస్ అనుకోకూడదు. సెబోరిక్ డెర్మటైటిస్ అనే ముదిరిన చుండ్రులో పొలుసులు పసుపుపచ్చగా, జిడ్డుగా ఉంటాయి. అవి కనుబొమల్లోనూ ముక్కు పక్క మడతల్లోనూ కనిపిస్తాయి. సోరియాసిస్ మచ్చకు అంచు స్పష్టంగా ఉంటుంది, పొలుసు పొడిగా మందంగా ఉంటుంది, జుట్టు అంచు దాటి వస్తుంది. మోచేతుల మీద, మోకాళ్ల మీద మచ్చలు, గోళ్లలో సూదితో గుచ్చినట్టు చిన్న గుంటలు కూడా ఉంటే అనుమానం బలపడుతుంది. రెండూ కలిసి ఉండే తలలు కూడా ఉన్నాయి. తలకు రంగు వేసుకునేవాళ్లకు అందులోని పారాఫినైలిన్ డయామిన్ అనే రసాయనం పడక మెడ మీద, చెవుల దగ్గర దురదతో చర్మం ఎర్రబడవచ్చు. మెడ వెనక ఒకేచోట అలవాటుగా గోకి గోకి చర్మం తోలులా మందమెక్కడం ఇంకొకటి. మగవాళ్లకు మెడ వెనక జుట్టు మొదట్లో గట్టి పొక్కులు లేచి మచ్చకట్టే వ్యాధి మరొకటి. పిల్లల తలలో పొట్టు రాలుతూ జుట్టు తునిగిపోతుంటే అది తామర కావచ్చు, దానిమీద స్టెరాయిడ్ (వాపును, దురదను అణచే మందు) పూస్తే మరింత పాకుతుంది. అందుకే మొదట చర్మవైద్యుల చేత చూపించుకుని పేరు నిర్ధారించుకోవాలి.

ఇక చికిత్సలో తొలి మెట్టు పొలుసు తీయడం. చాలామంది దాటవేసేదీ ఇదే. మందంగా అట్టకట్టిన పొలుసు మీద ఎంత ఖరీదైన లోషన్ పోసినా అది తారురోడ్డు మీద పడిన వానలాగా పక్కకు పారిపోతుందే తప్ప లోపలికి ఇంకదు. పొలుసును వదులు చేయడానికి 3 నుంచి 6 శాతం సాలిసిలిక్ యాసిడ్ కలిసిన ఆయింట్‌మెంట్‌నో లోషన్‌నో రాత్రిపూట రాయమంటారు. కొందరికి యూరియా కలిసిన క్రీము ఇస్తారు. అది కూడా లేనప్పుడు గోరువెచ్చని కొబ్బరినూనె పట్టించి కొన్ని గంటలు ఉంచినా పొలుసు నానుతుంది. రాత్రి రాసి, తలకు పాతగుడ్డ చుట్టుకుని, తెల్లవారి తలస్నానం చేసేటప్పుడు వేళ్ల కొసలతో మెల్లగా రుద్దితే నానిన పొలుసు దానంతట అదే ఊడివస్తుంది. సన్నపళ్ల దువ్వెనతో గీకడం, గోళ్లతో పెళ్లగించడం ఎంత మాత్రం పనికిరాదు. అలా లాగినచోట రక్తపు చుక్కలు పుడతాయి. ఊడవలసిన సమయం రాని పొలుసు వెంట్రుకలను కూడా వెంటబెట్టుకుని వస్తుంది. మా తీరప్రాంతపు ఊళ్లలో బోరునీళ్లు ఉప్పగా ఉండి షాంపూ నురగ రాని చోట చివరి చెంబుడు నీళ్లయినా మంచినీళ్లు పోసుకుంటే తల కాస్త తేలికగా ఉంటుంది. ఇది వైద్యం కిందికి రాదు, నా అనుభవం మాత్రమే. సాలిసిలిక్ యాసిడ్‌ను ఒళ్లంతా పులమకూడదు, చంటిపిల్లలకు అసలు వాడకూడదు, ఎందుకంటే అది చర్మం గుండా రక్తంలో చేరుతుంది.

పొలుసు పోయి ఎర్రని చర్మం కనబడిన తరువాతే స్టెరాయిడ్ లోషన్‌కు పని. తలకు సాధారణంగా రాసేవి క్లోబెటసాల్ ప్రోపియోనేట్ 0.05 శాతం, బీటామెథసోన్ డైప్రోపియోనేట్ 0.05 శాతం, కాస్త తక్కువ తీవ్రత ఉన్నప్పుడు మొమెటసోన్ ఫ్యూరోయేట్ 0.1 శాతం. బీటామెథసోన్‌తో పాటు 2 శాతం సాలిసిలిక్ యాసిడ్ కలిపిన లోషన్ మన దగ్గర బాగా వాడుకలో ఉంది. ఒకే మందు ఆయింట్‌మెంట్‌గా, క్రీముగా, జెల్‌గా, లోషన్‌గా, షాంపూగా కూడా దొరుకుతుంది. మందు పేరెంత ముఖ్యమో అది ఏ రూపంలో ఉన్నదన్నదీ అంతే ముఖ్యం. జుట్టున్న చోట ఆయింట్‌మెంట్ రాస్తే జుట్టు జిడ్డుకట్టి నాలుగు రోజుల్లో మనిషికి విసుగుపుడుతుంది, మందు మానేస్తాడు. కాబట్టి తలకు నీళ్లలా జారే లోషన్ గాని, జెల్ గాని, షాంపూ గాని మేలు.

రాసే పద్ధతి కూడా చెప్పాలి, ఎందుకంటే చీటీ మీద అది ఎవరూ రాయరు. జుట్టు ఆరి ఉండాలి. దువ్వెన తోకతో పాపిట తీసి, సీసా ముక్కును చర్మానికి ఆనించి, పాపిట పొడవునా చుక్కలు పెట్టి, వేలితో అద్దాలి. తరువాత అర అంగుళం అవతల ఇంకో పాపిట తీయాలి. ఇలా మచ్చ ఉన్నంత మేరా పోవాలి. నడినెత్తి వరకు ఎవరికి వారు చేసుకోవచ్చు గాని, తల వెనక భాగానికి రెండో మనిషి చేతులు కావలసిందే. మా ఇంట్లో ఆ పని నా భార్యది. ‘కదలకుండా ఉండండి, అట్టా ఊగితే మందంతా చెవిలోకి పోతాది’ అని ఆమె గదమాయించడం రాత్రి భోజనాల తరువాత మామూలే. ఒంటరిగా ఉండేవాళ్లు రెండు అద్దాలు ఎదురెదురుగా పెట్టుకుని అలవాటు చేసుకోవాలి. లోషన్లలో చాలావాటిలో ఆల్కహాల్ ఉంటుంది. గోకిన చోట పడితే భగ్గున మండుతుంది. అలా మండేవాళ్లు డాక్టరును అడిగి జెల్‌కు మారితే సరిపోతుంది. ఆల్కహాల్‌కు నిప్పు అంటుకుంటుంది కనుక తల ఆరేదాకా పొయ్యి దగ్గరకు, దీపారాధన దగ్గరకు వెళ్లకూడదు. క్లోబెటసాల్ షాంపూ వాడకం దీనికి భిన్నం. దాన్ని పొడి తలకే రాసి, 15 నిమిషాలు ఉంచి, ఆ తరువాత నీళ్లు పోసి నురగ తీసి కడిగేయాలి. మామూలు షాంపూలా తడి జుట్టుకు పూసి వెంటనే కడిగేసేవాళ్లకు దానివల్ల ప్రయోజనం ఏముంటుంది?

స్టెరాయిడ్లకు గడువు ఉంటుంది. క్లోబెటసాల్ వంటి అతి తీవ్రమైన వాటిని వరుసగా రెండు వారాలకు మించి, వారానికి 50 గ్రాములకు మించి వాడకూడదన్నది సాధారణ నియమం. షాంపూ రూపంలో అయితే నాలుగు వారాల దాకా అనుమతిస్తారు. మచ్చ అణిగాక ఒక్కసారిగా ఆపేస్తే కొందరికి అది రెట్టింపై తిరగబెడుతుంది. కాబట్టి రోజూ రాసేదాన్ని రోజు విడిచి రోజుకు, ఆ తరువాత వారానికి రెండు రోజులకు తగ్గిస్తూ డాక్టర్లు ఒక వరుస చెబుతారు. నాకు శని, ఆదివారాలు మాత్రమే రాయమని చెప్పిన కాలం ఉంది. మధ్య రోజుల్లో స్టెరాయిడ్ లేని మందు రాసేవాళ్లం. తగ్గింది కదా అని పూర్తిగా మానేసి, మళ్లీ ముదిరాక పరుగెత్తే పద్ధతి కన్నా ఇలా కొద్దిగా, క్రమంగా వాడే పద్ధతిలో మొత్తం మీద ఖర్చయ్యే మందు కూడా తక్కువే అని నా అంచనా.

తలకూ మెడకూ ఉన్న తేడా ఇక్కడే కీలకమవుతుంది. చర్మం ఎక్కడెక్కడ ఎంత మందును పీల్చుకుంటుందో 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ అనే పరిశోధకులు హైడ్రోకార్టిసోన్‌తో కొలిచారు. ముంజేతితో పోలిస్తే తల చర్మం దాదాపు మూడున్నర రెట్లు, నుదురు ఆరు రెట్లు, దవడ దగ్గర పదమూడు రెట్లు పీల్చుకున్నాయి. అంటే తలమీద రాసిన లోషన్ చెమటతో కలిసి నుదుటి మీదికి, చెంపల మీదికి కారిందంటే, తలకు తగిన మోతాదు అక్కడ మితిమీరినట్టే. తల చర్మం మందం, వెంట్రుకల కుదుళ్ల దట్టం వల్ల స్టెరాయిడ్‌ను కొంత తట్టుకుంటుంది. మెడ వెనక చర్మం కూడా గట్టిదే గాని, పక్కలకు, చెవుల వెనక మడతకు, గొంతు వైపుకు వచ్చేకొద్దీ పలచబడుతుంది. అక్కడ గట్టి స్టెరాయిడ్ నెలల తరబడి పడితే చర్మం సిగరెట్ కాగితంలా పలచబడుతుంది, ఎర్రని సన్న రక్తనాళాలు పైకి తేలుతాయి, చారలు పడతాయి. చారలు పడ్డాక ఏ మందుకూ అవి పూర్తిగా పోవు.

అందువల్ల మెడకు తక్కువ తీవ్రత గల స్టెరాయిడ్‌ను కొద్దిరోజులు రాసి, ఆ తరువాత స్టెరాయిడ్ కాని టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్‌కు గాని కాల్సిపోట్రియాల్‌కు గాని మారుస్తారు. టాక్రోలిమస్ 0.03, 0.1 శాతాల్లో దొరుకుతుంది. చర్మాన్ని పలచన చేయదు కాబట్టి జుట్టు అంచుకు, చెవుల వెనకకు దాన్ని ఎంచుకుంటారు. మొదటి కొద్దిరోజులు రాసినచోట మంట, వేడి పుడతాయి. ఆ సంగతి ముందే తెలియనివాళ్లు మందు పడలేదనుకుని మానేస్తారు. మెడ మీద జుట్టు లేదు గనుక అక్కడ ఆయింట్‌మెంట్ బాగానే పట్టుతుంది. ఎంత రాయాలన్న దానికి ఒక తేలిక కొలత ఉంది. ట్యూబును నొక్కి చూపుడు వేలి కొస నుంచి మొదటి గీత దాకా పొడవుగా తీసిన మందు సుమారు అర గ్రాము, అది రెండు అరచేతులంత వైశాల్యానికి సరిపోతుంది. మెడ వెనక భాగానికి ఒక వేలికొస మందు చాలు. మా వీధిలో ఒక పెద్దాయన మెడ తెల్లగా సున్నం కొట్టినట్టు కనబడేది. అంత పూస్తే చొక్కా కాలరుకే వైద్యం జరుగుతుంది.

కాల్సిపోట్రియాల్ విటమిన్ డి నుంచి రూపొందిన మందు. నిదానంగా పనిచేస్తుంది, గుణం కనబడడానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పట్టవచ్చు. బీటామెథసోన్‌తో కలిపిన జెల్ రెండింటి మంచినీ అందిస్తుంది కనుక తలకు రోజుకు ఒకసారి రాస్తే సరిపోతుంది. దీనితో ఒక చిక్కుంది. సాలిసిలిక్ యాసిడ్ తగిలితే కాల్సిపోట్రియాల్ చెడిపోయి పనిచేయకుండా పోతుంది. ఒక డాక్టరు రాసిన సాలిసిలిక్ లోషన్‌ను, మరో డాక్టరు రాసిన కాల్సిపోట్రియాల్‌ను ఒకే రాత్రి ఒకదానిమీద ఒకటి పూసుకునేవాళ్లకు డబ్బు దండగ తప్ప ఫలితం ఉండదు. పొలుసు తీసే పని ముందు ముగించి, తల శుభ్రంగా కడిగాకే ఇది మొదలుపెట్టాలి. దీన్ని ముఖానికి తగలనివ్వకూడదు, రాసిన చేతులు కడుక్కోవాలి.

వీటన్నిటికన్నా పాతది బొగ్గుతారు. 1952లో సుల్జ్‌బర్గర్, విట్టెన్ అనే వైద్యులు హైడ్రోకార్టిసోన్ పైపూత చర్మవ్యాధులకు పనిచేస్తుందని చూపేదాకా తారే పెద్దదిక్కు. అమెరికాలో గోకర్‌మన్ అనే వైద్యుడు 1925లోనే తారుపూతను అతినీలలోహిత కిరణాలతో కలిపి వాడాడు. ఇప్పుడు తారు షాంపూల రూపంలో మిగిలింది. తలకు రాసి 5 నుంచి 10 నిమిషాలు ఉంచి కడుగుతారు. దురద తగ్గించడంలో దానికి మంచి పేరుంది. వాసన భరించాలి, దిండుగలీబుకు మరక తప్పదు, నెరిసిన జుట్టుకు పసుపురంగు తగులుతుంది. తారు రాసిన చర్మానికి ఎండ సోకితే కందిపోతుంది. రోహిణి కార్తెలో నెల్లూరు ఎండ ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు దాన్ని సాయంత్రానికి వాయిదా వేసుకోవడం మంచిది. చుండ్రు కూడా కలిసి ఉన్నవాళ్లకు కీటోకొనజోల్ 2 శాతం షాంపూను వారానికి రెండుసార్లు వాడమంటారు. సోరియాసిస్ ఒక్కటే ఉంటే దానివల్ల ఒరిగేది కొద్దే.

నూనె విషయంలో మా అమ్మకూ నాకూ వాదన ఇంకా తెగలేదు. ‘తలకి సమురు పెట్టకుండా ఎండగడతా ఉండావు, పొట్టు రాలక ఏమవుద్ది నాయనా’ అంటుంది. సోరియాసిస్ వరకు ఆమె మాటలో సగం నిజముంది, నూనె పొలుసును మెత్తబరుస్తుంది. జిడ్డుచుండ్రులో మాత్రం అదే నూనె తలమీద ఉండే మలసీజియా అనే శిలీంధ్రానికి మేత అవుతుంది. తమిళనాడు మనకు పొరుగే కాబట్టి అక్కడి సిద్ధవైద్యుల నూనె ఇక్కడికీ వస్తుంది. ఏటికొప్పాక బొమ్మలు చెక్కే అంకుడు చెట్టు ఆకులను కొబ్బరినూనెలో వేసి ఎండలో ఉంచితే నూనె ఊదారంగుకు తిరుగుతుంది. సోరియాసిస్‌కు ఆ నూనెను సిద్ధవైద్యంలో చాలాకాలంగా వాడుతున్నారు. పొలుసు నానడానికి దాన్ని రాసుకుంటానంటే నాకు అభ్యంతరం లేదు. పేరూ పొందుపరిచిన దినుసులూ లేని డబ్బాలో వచ్చే ‘మూలికల లేపనం’ మూడు రోజుల్లో మచ్చను మాయం చేసిందంటే మాత్రం అందులో స్టెరాయిడ్ కలిపారేమోనని అనుమానించాల్సిందే. మూలికలు అంత వేగంగా పనిచేయవు.

మందుల షాపులో ‘దురదకు ట్యూబు’ అని అడిగితే చేతిలో పెట్టే ట్యూబుల్లో చాలావాటిలో క్లోబెటసాల్‌కు తోడు ఒక శిలీంధ్రనాశిని, ఒక యాంటీబయాటిక్ కలిసి ఉంటాయి. 2018 మార్చిలో కేంద్ర ఆరోగ్యశాఖ 14 రకాల స్టెరాయిడ్ పైపూతలను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మేలా షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. ఆ నియమం కాగితం మీద ఉంది, కౌంటరు మీద ట్యూబూ ఉంది. సోరియాసిస్‌కు ఆ మూడింటి మిశ్రమంలో స్టెరాయిడ్ ఒక్కటే పనిచేస్తుంది, మిగతా రెండూ వృథా.

చర్మానికి దెబ్బ తగిలిన చోటే కొత్త మచ్చ పుట్టడాన్ని 1872లో కోబ్నర్ అనే జర్మన్ వైద్యుడు వివరించాడు. గీరుకున్న చోట సాధారణంగా పది ఇరవై రోజుల్లో అది కనబడుతుంది. కాబట్టి గోళ్లు కత్తిరించుకోవడం కూడా చికిత్సలో భాగమే. మెడ మీద కత్తితో గీయవద్దని, మిషన్‌తో సరిచేస్తే చాలని క్షౌరశాలలో ముందే చెప్పాలి, అంటువ్యాధి కాదన్న మాట కూడా అప్పుడే చెప్పేస్తే అతనికీ నిశ్చింత. తిరుమల మొక్కున్నవాళ్లు వ్యాధి ఎర్రగా రేగి ఉన్నప్పుడు గుండు చేయించుకోకుండా కాస్త అణిగాక వెళ్లడం మేలు. గుండు తరువాత జుట్టు పెరిగేదాకా మందు రాయడం ఎంత సులువో చెప్పనక్కరలేదు. హెల్మెట్ కింద పలచని నూలుగుడ్డ వేసుకుంటే చెమట పీలుస్తుంది, ఆ గుడ్డను రోజూ ఉతకాలి.

తల, మెడ దాటి వ్యాధి ఒళ్లంతా పాకినా, పైపూతలను సరైన పద్ధతిలో వాడినా లొంగకపోయినా, వారానికి ఒక్కసారి మాత్రమే మింగే మెథోట్రెక్సేట్, రోజూ మింగే ఎప్రెమిలాస్ట్ మాత్రలు, ఆ పైన ఇంజెక్షన్లు ఉన్నాయి. వాటికి రక్తపరీక్షలతో, డాక్టరు పర్యవేక్షణతో వేరే లెక్క ఉంటుంది. త్వరగా తగ్గాలని స్టెరాయిడ్ మాత్రలు, సూదిమందు అడిగి పుచ్చుకోవడం ప్రమాదం, వాటిని ఆపినప్పుడు ఒళ్లంతా ఎర్రబడి చీముపొక్కులు లేచే స్థితి రావచ్చు. బీపీకి వాడే బీటా బ్లాకర్లు, మానసిక వ్యాధులకు ఇచ్చే లిథియం, మలేరియాకు ఇచ్చే క్లోరోక్విన్ ఈ వ్యాధిని రేపగలవు గనుక ఆ మందుల సంగతి చర్మవైద్యుడికి చెప్పాలి. తల, గోళ్లు దెబ్బతిన్నవాళ్లకు కీళ్లవాతం వచ్చే అవకాశం కొంత ఎక్కువ. ఉదయం లేవగానే వేళ్లు బిగుసుకున్నా, మడమ నొప్పి పెట్టినా దాన్ని వయసు మీదికి నెట్టకుండా అదే డాక్టరు చెవిన వేయాలి. తిరిగి చూపించుకోవడానికి వెళ్లేటప్పుడు ఖాళీ అయిన ట్యూబులను, సీసాలను కూడా సంచిలో వేసుకుపోతే, ఎన్ని వారాల్లో ఎన్ని గ్రాములు వాడామో డాక్టరు అప్పటికప్పుడే లెక్కగట్టి, మందు చాలలేదో ఎక్కువైందో చెప్పగలుగుతారు.